గుండె మీద బరువు: ఇది ఈమాన్ లోపమా?

హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) చిన్నతనం నుండి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సేవలో గడిపిన సహాబీ. ఖైబర్ ప్రయాణంలో మహాప్రవక్త (స) తరచూ ఒక దుఆ చేస్తుండగా తాను విన్నానని ఆయన ఉల్లేఖించారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఈ దుఆ మన ఇళ్ళలో చాలామంది పిల్లలకు కూడా కంఠస్థమే. అందులో ఎనిమిది విషయాల నుండి అల్లాహ్ శరణు కోరడం జరిగింది. మొదటిది హమ్, అంటే రాబోయే దాని గురించిన బెంగ. రెండవది హజన్, అంటే జరిగిపోయిన దాని గురించిన దుఃఖం. ఆ తర్వాత అశక్తత, బద్ధకం, పిసినారితనం, పిరికితనం. చివరి రెండు: నడుము వంచే అప్పు బరువు, మనుషుల దౌర్జన్యం.

మదరసాలో ఈ హదీసు చదివిన రోజుల్లో మేము పదాల అర్థాలు రాసుకుని ముందుకు సాగిపోయాం. మనసులో పుట్టే బెంగను, బజారులో పుట్టే అప్పును మహాప్రవక్త (స) ఒకే వరుసలో ఎందుకు ఉంచారో అప్పుడు మాకు తట్టలేదు. అది తెలియజేసింది ఒక కుర్రవాడు. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో తప్పు మాదే.

కొన్నేళ్ళ క్రితం ఇషా నమాజు తర్వాత ఆ అబ్బాయి మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. గల్ఫ్‌ నుండి ఏడాదిన్నరకే తిరిగి వచ్చినవాడు. "హజ్రత్, నమాజులో మనసు ఉంటలేదు. నిద్ర పడ్తలేదు. అన్నం మట్టి లెక్క అనిపిస్తుంది. పొద్దుగాల లేవాలంటే కాళ్ళు చేతులు ఆడవు" అన్నాడు. మేము ఏమి చెప్పాం? ఇస్తిగ్‌ఫార్ ఎక్కువ చేయమన్నాం. ఫజ్ర్ జమాత్ వదలవద్దన్నాం. అల్లాహ్ ఇన్ని అనుగ్రహాలు ఇస్తే నాషుక్రీ తగదన్నాం. అతను తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మస్జిదులో కనబడలేదు. మూడు నెలల తర్వాత వాళ్ళ అమ్మీ చెప్పిన మాట ఇప్పటికీ మా చెవుల్లో ఉంది: ఆ రాత్రి ఇంటికి వెళ్ళి, "హజ్రత్ కూడా నా ఈమాన్‌లోనే కొరత ఉందన్నారు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడట. అల్హందులిల్లాహ్, అతని మేనమామ డాక్టరు వద్దకు తీసుకువెళ్ళాడు. నెలల తరబడి మందులు వాడి కోలుకున్నాడు. అతనికి జబ్బు ఉందన్న సంగతి మా ముందు కూర్చున్నప్పుడే తెలియాల్సింది. తెలియలేదు.

డిప్రెషన్ అంటే మామూలు దిగులు కాదు. పంట పోతే, మనిషి పోతే, పరీక్ష తప్పితే ఎవరికైనా దుఃఖం కలుగుతుంది. నాలుగు రోజులకు తగ్గుముఖం పడుతుంది. అలా కాక రెండు వారాలకు పైగా, రోజులో అధిక భాగం మనసు కుంగి ఉండటం, ఇంతకు ముందు ఇష్టమైనవాటి మీద ఆసక్తి చచ్చిపోవడం, దానితోపాటు నిద్ర, ఆకలి చెడిపోవడం, ఒంట్లో సత్తువ లేకపోవడం, ఏ పని మీదా ధ్యాస నిలవకపోవడం, తాను ఎందుకూ కొరగాననే భావన, చావు గురించిన ఆలోచనలు వస్తూ ఉంటే దాన్ని వైద్యులు జబ్బుగా గుర్తిస్తారు. మన ఇళ్ళలో దీన్ని ఎవరూ డిప్రెషన్ అనరు. 'హౌల్ ఉఠ్ రా' అంటారు, 'దిల్ ఘబ్‌రాతా' అంటారు, తల బరువు, ఒళ్ళు నొప్పులు, గుండెదడ అంటారు. అందుకే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి ఆర్‌ఎంపీ దగ్గర బలం సూదులు వేయించుకుంటూ ఉంటారు తప్ప అసలు జబ్బు బయటపడదు.

ఇది ఎంతమందికి ఉంది? బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. వయోజనులలో దాదాపు ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌కు గురైనవారేనని తేలింది. స్త్రీలలో, నలభై దాటినవారిలో ఎక్కువగా కనబడింది. ఆదాయం, చదువు తక్కువ ఉన్న ఇళ్ళలో మానసిక సమస్యలు హెచ్చుగా ఉన్నాయి. అన్నిటికంటే బాధాకరమైన విషయం, డిప్రెషన్ ఉన్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్సే అందలేదు. ఆ సర్వేలో మన తెలంగాణ లేదు. అయితే లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వెలువడిన మరో అధ్యయనం, 2017లో దేశమంతటా సుమారు 4 కోట్ల 57 లక్షల మందికి డిప్రెషన్ ఉందని అంచనా వేస్తూ, ఆ జబ్బు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల సరసన తెలంగాణను కూడా చేర్చింది.

ఇక ఆ దుఆ వైపు మరలుదాం. చివరి రెండు విషయాలను ముందు తీసుకుందాం, ఎందుకంటే మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల బాధ ఎక్కువగా అక్కడే ఉంది.

అప్పు. జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు గల్ఫ్ వాసన తగలని గల్లీ లేదు. వెళ్ళేవాడు ఏజెంటుకు ఇచ్చే డబ్బు ఎక్కడిది? నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చినది. అక్కడ చెప్పిన పని వేరు, చేయించే పని వేరు. చెప్పిన జీతం వేరు, చేతికి వచ్చేది వేరు. మొదటి రెండేళ్ళ కష్టం వడ్డీకే సరిపోతుంది. ఈలోగా సౌదీలో 2013లో జరిగినట్టు చట్టాలు మారితేనో, 2020లో కరోనా వచ్చినట్టు పనులు ఆగిపోతేనో వట్టి చేతులతో తిరిగి రావాలి. ఊళ్ళో మాత్రం అతను 'దుబాయ్ వాలా'. బంధువులు సెంటు సీసాలు అడుగుతారు, చెల్లెలి నికాహ్‌కు అతనే పెద్ద దిక్కు అంటారు. లోపల అప్పు, బయట పరువు. మేము పైన చెప్పిన అబ్బాయి బరువు ఇదే. మేము అతని నమాజు గురించి అడిగాం గానీ, అతని అప్పు గురించి అడగలేదు.

సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు, ఆదిలాబాద్ పత్తి రైతులు అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్న వార్తలు తొంభైల నుండి చదువుతూనే ఉన్నాం. 2010లో మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్ళ వేధింపుల మీద ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. వారం వారం వాయిదా కట్టలేక గ్రూపులోని తోటి ఆడవాళ్ళ ముందే నిలదీయించుకోవడం అప్పు బరువూ, మనుషుల దౌర్జన్యమూ రెండూ కలిసిన చోటు. వడ్డీ హరామ్ అని మేము ప్రతి ఏడాదీ బయాన్‌లో చెబుతాం. అయితే వడ్డీ లేని అప్పు ఎక్కడ దొరుకుతుందో చెప్పకుండా ఆ మాట చెప్పి ఊరుకుంటే అది సగం బయానే. కష్టంలో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వాలని, మాఫీ చేస్తే మరీ మేలని సూరె బఖరా బోధిస్తుంది. మహల్లాలో పదిమంది కలిసి ఖర్జె హసనా నిధి ఒకటి నడిపితే అది కూడా ఒక విధంగా మనోవ్యాధికి మందే. పెళ్ళిళ్ళలో జహేజ్, బండి, మూడు రకాల బిర్యానీ తగ్గించినా అంతే. ఈ మాట రాస్తే మా బంధువులే మాతో అలుగుతారని మాకు తెలుసు.

ఆడవాళ్ళ సంగతికి వద్దాం. లండన్‌లోని కాంబర్‌వెల్ ప్రాంతపు స్త్రీల మీద జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం 1978లో పుస్తకంగా వచ్చింది. కష్టం వచ్చినప్పుడు స్త్రీ డిప్రెషన్‌లో పడిపోవడానికి నాలుగు పరిస్థితులు దారితీస్తున్నాయని వారు గుర్తించారు: పదకొండేళ్ళ లోపే తల్లిని కోల్పోవడం, ఇంట్లో ముగ్గురు లేక అంతకు మించి చిన్నపిల్లలు ఉండటం, ఇంటి బయట పని లేకపోవడం, మనసు విప్పి చెప్పుకునే మనిషి లేకపోవడం. ఎక్కడో ఇంగ్లండు ఆడవాళ్ళ మాట అనుకోకండి. మన గల్లీలోనే చూడండి. భర్త రియాద్‌లో. ముగ్గురు పిల్లలు. అత్తగారి ఇల్లు, ఫోనులో భర్తతో మాట్లాడాలన్నా చుట్టూ నలుగురు. చేతిలో తునికాకు, కత్తెర, ఒడిలో బీడీల చాట. ఇది పనే కదా అంటారేమో. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క కట్టే ఈ పని ఆమెను ఇంటి నుండి బయటకు తీయదు, నలుగురితో కలపదు; మెడ, నడుము, కళ్ళు లాగేసి మళ్ళీ అదే గదిలో కూర్చోబెడుతుంది. ఆ పరిశోధకులు చెప్పిన పనికి, ఈ పనికి పోలిక లేదు.

కాన్పు అయిన ఇళ్ళలో మరింత జాగ్రత్త అవసరం. గోవాలో జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో పేదరికం, భర్త కొట్టడం, పుట్టింది ఆడపిల్ల కావడం, ఈ మూడూ బాలింత డిప్రెషన్‌తో ముడిపడి కనిపించాయి. ఆడపిల్ల పుట్టిందని వినగానే ముఖం నల్లబడే మనిషిని సూరె నహ్ల్ తప్పుపట్టింది. ఆ ఆయతు మన మగవాళ్ళకు తెలుసు. అయినా రెండవ అమ్మాయి పుట్టిన ఇంట్లో మిఠాయి ఎంత ఆలస్యంగా వస్తుందో మనందరమూ చూస్తున్నదే. బాలింత ఏడుస్తూ ఉంటే, బిడ్డను దగ్గరకు తీసుకోకపోతే 'నఖ్‌రే' అనకండి, 'పట్టింది' అనకండి.

హజ్రత్ మర్యమ్ (అలైహస్సలామ్) ప్రసవవేదనతో ఖర్జూరపు చెట్టు మొదట ఆనుకుని, ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని అనుకున్న సంగతి ఖుర్ఆన్‌లో ఉంది. లోకంలోని స్త్రీలలో ఎన్నుకోబడిన మహిళ నోట వచ్చిన మాట అది. ఆమెకు వచ్చిన జవాబు ఏమిటో గమనించారా? మందలింపు కాదు. ముందు దుఃఖించవద్దన్న ఓదార్పు. తర్వాత పాదాల చెంత నీటి ఊట. తర్వాత పండిన ఖర్జూరాలు. తిను, తాగు, కళ్ళు చల్లబరుచుకో అన్న మాట. జనానికి ఏమి జవాబు చెప్పాలనే విషయం వీటన్నిటి తర్వాతే వచ్చింది.

హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలామ్) గాథ కూడా అంతే. కొడుకు ఎడబాటుతో ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబడిపోయాయి. ఇంట్లోవాళ్ళు విసుక్కున్నారు; యూసుఫ్‌ను తలచుకుంటూనే కృశించిపోతారని అన్నారు. ఆయన తన వేదనను అల్లాహ్‌కే మొర పెట్టుకుంటున్నానని చెప్పారు. ఆయన ప్రవక్త. ఆయన ఈమాన్‌కు కొరత ఉందని ఎవరైనా అనగలరా? దుఃఖాన్ని లోలోపల దిగమింగుకునేవాడని అర్థమిచ్చే మాటను ఖుర్ఆన్ ఆయన విషయంలో వాడింది. దిగమింగితే అది శరీరాన్ని తాకుతుందని కూడా ఆ గాథే చూపిస్తుంది. మన మహాప్రవక్త (స) జీవితంలో హజ్రత్ ఖదీజా (రజి), అబూతాలిబ్ ఇద్దరూ కొద్ది కాలం తేడాతో మరణించిన ఏడాదిని చరిత్రకారులు 'దుఃఖ సంవత్సరం' అన్నారు. సహనం, నమ్మకం ఉన్నవారికి దుఃఖమే రాదని దీన్ ఎక్కడా చెప్పలేదు. అలసట, జబ్బు, బెంగ, దుఃఖం, చివరికి ముల్లు గుచ్చుకున్నా సరే, అది విశ్వాసి పాపాలకు ప్రక్షాళన అవుతుందని బుఖారీ, ముస్లిం హదీసుల సారాంశం. ఆ వరుసలో జబ్బు పక్కనే బెంగ ఉంది చూడండి. జ్వరం వచ్చినవాడిని మనం నిందించం కదా!

అబూదావూద్‌లో ఒక ఉల్లేఖనం ఉంది. దాని సనదు మీద ముహద్దిసీన్ చర్చ చేశారు, కనుక పాఠంగానే చెబుతున్నాం. నమాజు వేళ కాని సమయంలో అబూ ఉమామా అనే అన్సారీ సహాబీ మస్జిదులో కూర్చుని ఉండటం చూసి మహాప్రవక్త (స) కారణం అడిగారు. బెంగలు, అప్పులు అని ఆయన జవాబిచ్చారు. అప్పుడు ఆయనకు నేర్పిన దుఆలో ఉన్నవి మొదట మేము చెప్పిన ఆ ఎనిమిది విషయాలే. దుఆ కంటే ముందు ఇక్కడ జరిగినదేమిటి? చూడటం, అడగటం, వినటం. మేము ఆ కుర్రవాడి విషయంలో ఈ మూడింటినీ వదిలేసి నాలుగో దానికి వెళ్ళాం.

సామాజిక కారణాలు ఎన్ని చెప్పినా, ఒకే అప్పులో ఉన్న ఇద్దరన్నదమ్ములలో ఒకడు కుంగిపోతాడు, ఒకడు నిలబడతాడు. ఎందుకని? కుటుంబంలో ఇంతకు ముందు ఎవరికైనా ఈ జబ్బు ఉండటం, చిన్ననాడు తల్లిదండ్రులను కోల్పోవడం లేక దెబ్బలు తినడం, షుగర్, థైరాయిడ్, పక్షవాతం వంటి దీర్ఘరోగాలు, మద్యం, ఒంటరితనం ఇవన్నీ మనిషి మనిషికీ మారుతూ ఉంటాయి. మన పూర్వ పండితులకు ఇది కొత్త కాదు. హిజ్రీ మూడు, నాలుగు శతాబ్దాల నాటి అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం క్రీ.శ. 934) శరీరానికి, ఆత్మకు రెండింటికీ ఆరోగ్య సూత్రాలు చెబుతూ 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్' అనే గ్రంథం రాశారు. దుఃఖం రెండు రకాలని ఆయన విడదీశారు. ఒకటి, ప్రియమైనదేదో పోయినందువల్ల వచ్చేది, కారణం తెలిసేది. రెండవది, కారణమేదీ కనబడకుండా వచ్చి కూర్చునేది. ఈ రెండవ దానికి మూలం శరీరంలోనే ఉంటుందని, దానికి శరీర చికిత్స కావాలని ఆయన అభిప్రాయం. వెయ్యేళ్ళ క్రితం బల్ఖ్ పండితుడు జబ్బు అన్నదాన్ని ఈనాడు మన గల్లీలో ఆమిల్ సాహెబు ఆసేబ్ అంటున్నాడు.

ఆమిళ్ళ మాట వచ్చింది కనుక రెండు ముక్కలు. నజర్, జాదూ ఉన్నాయని మనం నమ్ముతాం. ఖుర్ఆన్ ఆయతులతో రుఖ్యా చేసుకోవడం సున్నతు. కానీ రోగి పేరుతోపాటు అతని తల్లి పేరు అడిగి, నల్ల కోడి అడిగి, ఐదు వేలు అడిగి, ఇంటి కోడలే చేసిందని చెప్పి పంపేవాడు రుఖ్యా చేయడం లేదు; ఆ ఇంట్లో మరొక మనిషికి డిప్రెషన్ తెప్పిస్తున్నాడు. రోగులను గొలుసులతో కట్టివేసే చోట్లకు తీసుకువెళ్ళడం ఎంతమాత్రం తగదు. ముసలితనానికి తప్ప ప్రతి జబ్బుకూ అల్లాహ్ మందు పెట్టాడని, మందు వాడమని మహాప్రవక్త (స) చెప్పిన హదీసు అబూదావూద్, తిర్మిజీలలో ఉంది. సూరె ఫాతిహా చదివి ఊదండి, ఆ తర్వాత బస్సు ఎక్కి డాక్టరు దగ్గరకు కూడా వెళ్ళండి.

మందుల విషయంలో మేము వైద్యుల నుండి తెలుసుకున్నవి క్లుప్తంగా చెబుతాం. డిప్రెషన్ మాత్రలు తలనొప్పి మాత్రల లాంటివి కావు. గుణం కనబడటానికి రెండు నుండి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. చాలామంది పది రోజులు వాడి 'ఫాయిదా లేదు' అని ఆపేస్తారు. గుణం కనబడ్డాక కూడా చాలా నెలలు వాడాలి, డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. ఇవి నిద్రమాత్రల వలె అలవాటుగా మారేవి కావు. జబ్బు తేలికగా ఉంటే మాట్లాడి నయం చేసే పద్ధతులే సరిపోవచ్చు. జింబాబ్వేలో డిక్సన్ చిబాందా అనే మానసిక వైద్యుడు ఊరి నానమ్మలకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో బెంచీ మీద కూర్చోబెట్టాడు. కుంగిపోయినవారు వచ్చి వాళ్ళతో మాట్లాడతారు. ఈ పద్ధతి పనిచేస్తుందని 2016లో పరీక్షించి చూపారు. అక్కడి భాషలో ఈ జబ్బు పేరుకు అర్థం 'అతిగా ఆలోచించడం'. మన నానీలు 'సోచ్ ఎక్కువైంది' అనేది అచ్చంగా అదే. ఆడవారి ఇజ్తిమాలలో బయాన్ అయ్యాక ఒక అరగంట ఇలా వినడానికే కేటాయించే పెద్దావిడ ఒకరు ఉంటే ఎంత బాగుంటుంది! ఒకటే షరతు, విన్న మాట గడప దాటకూడదు.

హజ్రత్ ఆయిషా (రజి) రోగులకు, మరణం సంభవించిన ఇంటివారికి తల్బీనా, అంటే బార్లీ పిండితో చేసే జావ తాగించమనేవారు. అది రోగి గుండెకు హాయినిచ్చి దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని మహాప్రవక్త (స) చెప్పగా ఆమె విన్నారు (బుఖారీ). మన అంబలికి దగ్గరి చుట్టం ఇది. హదీసులో 'కొంత' అని ఉంది. మాత్రలు మాని జావ తాగమని దాని భావం కాదు. అయితే ఆ జావ కాచి ఇచ్చే మనిషి ఒకరు ఎదురుగా ఉన్నారు చూడండి, అది మరువవద్దు.

ఇప్పుడు బరువైన మాట. 2022 నాటి జాతీయ నేర గణాంకాల ప్రకారం ఆ ఏడాది దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యకు పాల్పడ్డారు. తెలంగాణలో జనాభాతో పోల్చిన రేటు దేశ సగటుకు రెట్టింపుకు పైగా ఉంది. ఆత్మహత్య హరామ్ అన్నది మనకందరికీ తెలిసినదే. కానీ చావు మాట నోట వస్తున్న మనిషి ముందు కూర్చుని ఆ ఫత్వా వినిపించడం నీళ్ళలో మునుగుతున్నవాడికి ఈత రాకపోవడం తప్పని చెప్పినట్టు ఉంటుంది. అతన్ని ఒంటరిగా వదలకండి. "చచ్చిపోవాలని అనిపిస్తుందా బేటా?" అని నేరుగా అడగండి, అలా అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదని, మాట్లాడితే బరువు తగ్గుతుందని వైద్యులు చెబుతారు. కొన్ని ఇళ్ళలో పోలీసు కేసవుతుందన్న భయంతో ప్రయత్నం చేసి బతికినవారిని దాచిపెడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటివారు తీవ్రమైన మనోవేదనలో ఉన్నారనే భావించి శిక్ష నుండి మినహాయించింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. కనుక ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి భయపడవద్దు.

2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే ఉచిత ఫోను సేవను మొదలుపెట్టింది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, పేరు చెప్పకపోయినా ఫరవాలేదు. ఆదిలాబాద్ రిమ్స్‌ వంటి ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులలో, జిల్లా ఆసుపత్రులలో మానసిక వైద్యుని గురించి అడగండి. హైదరాబాద్ వెళ్ళగలిగేవారికి ఎర్రగడ్డ ఆసుపత్రి ఉంది. 'ఎర్రగడ్డ' అనగానే నవ్వే అలవాటు మన మాటల్లో ఉంది. ఆ నవ్వు వల్ల ఎంతమంది అక్కడికి వెళ్ళకుండా ఆగిపోయారో అల్లాహ్‌కే ఎరుక.

ఒక సోదరి అడిగిన మస్అలా మిగిలింది. డిప్రెషన్ మందులు వాడుతున్నవారు రంజాన్‌లో ఉపవాసం ఎలా ఉండాలి? ఈ మాత్రల్లో చాలావరకు రోజుకు ఒకసారి వేసుకునేవే కనుక డాక్టరు అనుమతితో ఇఫ్తార్ తర్వాతకో సహ్రీకో మార్చుకోవచ్చు. లిథియం వంటి మందు వాడేవారికి ఒంట్లో నీరు తగ్గడం ప్రమాదం, కాబట్టి వారు అడగకుండా రోజా మొదలుపెట్టరాదు. ఉపవాసం వల్ల జబ్బు పెరుగుతుందని డాక్టరు చెబితే రోగికి ఖుర్ఆన్ ఇచ్చిన రాయితీ వీరికీ వర్తిస్తుంది. ఆరోగ్యం కుదుటపడ్డాక ఖజా చేసుకోవాలి. షాబాన్ నెల మొదట్లోనే డాక్టరును కలిసి మాట్లాడుకుంటే, మాత్రల వేళలు మార్చుకోవడానికి మూడు, నాలుగు వారాల వ్యవధి దొరుకుతుంది.